లంబోర్గినీ దుప్పటి

రామచంద్రపురం పక్క పల్లెలో కౌలు వ్యవసాయం చేసే చిన్నమ్మాయి గారు ఏనాడూ కోర్టు మెట్లెక్కలేదు గానీ, ఊళ్ళో తీర్పులన్నీ ఆవిడవే. కోతలయ్యాక ఆవిడ రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తే ఆర్టీసీ బస్సయినా పక్కకి తప్పుకోవాల్సిందే.

మొన్న కార్తీకంలో ఆ ధాన్యం ముందు రెండు పాతకాలపు ఇటలీ కార్లు ఆగిపోయాయి. మణిదీప్‌ది ఎర్రటి ఫెరారీ, దానికి కప్పు లేదు. అతని బావమరిది సూర్యతేజది పసుపు రంగు లంబోర్గినీ, దానికి ఉంది. రెండూ నేలని రాసుకుంటూ పోయేవే, ధాన్యం దాటలేవు. ఇద్దరూ దిగి, రాజమండ్రి నుంచి సాగుతున్న వాదనే మళ్ళీ అందుకున్నారు. పరుగులో ఫెరారీని మించింది లేదని ఒకరు, ఆ గర్జన లంబోర్గినీకే చెల్లిందని ఇంకొకరు.

"మీరే చెప్పండి పిన్నిగారూ, ఏది గొప్పది?" అని ఇద్దరూ ఆవిణ్ణే అడిగారు.

అంతలో మబ్బు కమ్మింది. ఇద్దరూ పరుగున కార్లకి కవర్లు తొడిగారు. చిన్నమ్మాయి గారు ధాన్యం కుప్ప చేశారు గానీ, మీద కప్పే బరకం పట్టా సగానికే వచ్చింది. ఆవిడ రెండు కార్లనీ పరకాయించి చూశారు.

"కప్పున్న కారుకి మళ్ళీ దుప్పటేంటయ్యా?" అంటూ లంబోర్గినీ కవరు లాగేశారు. సూర్యతేజ నోరు తెరిచేలోగా, "చూస్తావేంటి, ఆ కొస పట్టుకో!" అని గద్దించారు. పట్టుకున్నాడు.

వాన వెలిసింది. ఒక్క గింజ తడవలేదు. చిన్నమ్మాయి గారు కొంగుతో మొహం తుడుచుకుని, ఊరంతా వినేలా తీర్పు చెప్పారు.

"లంబోర్గినీయే గొప్పది బాబూ. దాని దుప్పటి పెద్దది!"