బ్లాక్ టికెట్ బావగారు

ఈ రోజు కబడ్డీ ఫైనల్ చూద్దామని స్టేడియానికి వెళ్తే కౌంటర్ మూసేశారు. బయట బ్లాకులో అమ్ముతున్నతనితో గొంతు పోయేలా బేరమాడి సగం రేటుకి దించాను. టికెట్ ఇవ్వబోతూ అడిగాడు:

"మీదే ఊరండీ?"

"పామర్రు."

"అయ్యో, మా అత్తారిదీ పామర్రేనండీ! మీరు నాకు బావగారవుతారు. ఇది డూప్లికేటండీ, మీకమ్మితే పాపం తగులుద్ది."

అని నా చెవిలో చెప్పి టికెట్ వెనక్కి తీసేసుకున్నాడు. నేను కరిగిపోయి థాంక్స్ కూడా చెప్పాను. నా వెనకున్నాయన బేరమాడకుండా పూర్తి రేటుకే ఆ టికెట్ కొనేశాడు. ఆయన మీద జాలిపడుతూ చూస్తున్నా. గేటులో స్కాన్ చేయించుకుని దర్జాగా లోపలికెళ్లిపోయాడు!

పామర్రు వాళ్లెవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. ఈ బావ ఎవరింటి అల్లుడండీ?