‘ఏమీ తినలేదు’ అని రాసిన చీటీ

నేను అంగన్‌వాడీ కార్యకర్తగా చేరింది 1983లో, గుమ్మఘట్ట దగ్గరి ఒక పల్లెలో. ఏడో తరగతి పాసైన కోడలు ఆ ఊళ్లో నేనొక్కదాన్నే కాబట్టి ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నాకు పైన సూపర్‌వైజరు, కింద ఆయా. పిల్లలను నెలకోసారి వేలాడే తక్కెడలో తూచి కార్డు మీద చుక్క పెట్టాలి. ఒంట్లో బాగాలేని బిడ్డకు చీటీ రాసి ఆస్పత్రికి పంపాలి. శిక్షణ ముగించుకుని వచ్చేసరికి నేను సగం డాక్టరునన్న నమ్మకం నాకు కుదిరింది. మిగతా సగం ఊరివాళ్లు నమ్మారు.

ఆ యేడు విత్తనానికి శనక్కాయలు ఒలిచే రోజుల్లో, కూలికి పోయే హనుమక్క తన ఏడాదిన్నర బిడ్డ గంగిని ఎత్తుకొచ్చింది. మూతి చుట్టూ, మెడ మీద ఎర్రటి దద్దుర్లు. బిడ్డ గోక్కుంటూ ఏడుస్తోంది.

“ఏం పెట్టినావే?” అని అడిగాను.

“ఏమీ తినల్యా అక్కా. పొద్దున ఇంత సంగటి, అంతే.”

సంగటి అందరూ తినేదే. కాబట్టి తప్పు మురికిదని తేల్చేశాను. శిక్షణలో శుభ్రత గురించి నేర్పిందంతా ఎవరి మీదైనా వాడాలని నాకు ఒకటే ఆత్రం. “దినామూ రెండు తూర్లు నీళ్లు పోయల్ల, గుడ్డలు ఉడకబెట్టల్ల” అని గట్టిగా చెప్పాను. ఊరి బావి ఎండిపోయి, మైలు దూరంలోని తోట బావికి పోతున్న కాలం అది. హనుమక్క మారుమాట లేకుండా రోజూ రెండు బిందెలు ఎక్కువ మోసింది.

నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది. దద్దుర్లు వీపు మీదికీ పాకాయి.

“నీళ్లు పోస్తాండావా?”

“పోస్తాండానక్కా. నా నడుము ఇరిగిపోతాండాది.”

నేను నమ్మలేదు. బిడ్డ చెవుల వెనకాల, గోళ్ల సందుల్లో వెతికాను. నాకంటే శుభ్రంగా ఉంది. నేను చూస్తున్నంతసేపూ ఏడవకుండా, నేను ఒలుస్తూ ఒళ్లో పోసుకున్న శనక్కాయ విత్తనాలు రెండు మెత్తగా నలిపి, బెల్లం అద్ది గంగి నోట్లో పెట్టాను. మొదటిసారీ అలాగే పెట్టాను. బిడ్డలను ఊరుకోబెట్టడంలో నాకు మంచి పేరుండేది.

మూడోసారి వచ్చినప్పుడు ఇక నా వల్ల కాదని చీటీ రాశాను. అందులో ‘తిన్న ఆహారం’ అని ఒక గడి ఉంటుంది. గుండ్రటి అక్షరాలతో ‘ఏమీ తినలేదు’ అని నింపి, గొప్పగా నేనే వెంట బయలుదేరాను.

ఆస్పత్రి వరండాలో మా వంతు కోసం చాలాసేపు కూర్చున్నాం. లోపలికి పిలిచేసరికి గంగి పెదవులు ఉబ్బి, కళ్లు మూసుకుపోయి, ఊపిరి ఈల వేస్తోంది. డాక్టరు కోస్తా నుంచి కొత్తగా వచ్చినాయన. చీటీ పక్కన పడేసి ముందు సూది వేశాడు. బిడ్డ ఊపిరి కుదుటపడ్డాక మా వైపు తిరిగాడు.

“ఇప్పుడేం పెట్టారు?”

“ఏమీ పెట్టల్యా సార్” అన్నాం ఇద్దరమూ.

ఆయన వరండాలో మేము కూర్చున్న చోటు చూపించాడు. “మరి అక్కడ రాలిన పొట్టు ఎవరిది?”

“మాదే సార్. శెనక్కాయలు.”

“తిన్నారుగా?”

“అది తిండి కాదు సార్. ఊరికే నోట్లో ఏసుకుంటాంటిమి” అన్నాను. “పాపకు గూడా రవ్వంత.”

మా సీమలో శనక్కాయ తిండి లెక్కలోకి రాదు. గాలి పీల్చినట్టు నములుతాం. అందరికీ పడే తిండి ఒక్కో బిడ్డకు విషమవుతుందనీ, ఇకమీద దాని పొడి కూడా గంగికి తగలకూడదనీ డాక్టరు చెప్పాడు. ఇలా ఊళ్లో ఉండగా జరిగి ఉంటే, బండి కట్టుకొచ్చేలోగా బిడ్డ దక్కేది కాదన్నాడు. సాయంత్రం దాకా మమ్మల్ని కదలనివ్వలేదు.

తిరుగు బస్సులో హనుమక్క అందరూ వినేటట్టు అంది. “ఏమక్కా, నా నడుము ఇరిగేదాకా నీళ్లు మోయిస్తివి. రోగాన్నేమో నీ ఒళ్లోనే పెట్టుకోని కూచుంటివి గదా!”

డాక్టరు పక్కన పడేసిన చీటీని వెంట తెచ్చుకున్నాను. ఆ చీటీ మీద ‘ఏమీ తినలేదు’ కొట్టేసి, ‘శనక్కాయలు, కార్యకర్త పెట్టినవి’ అని రాసి దస్త్రంలో ఉంచాను. కేంద్రంలో శనక్కాయ ఉండలు పంచే రోజు గంగిని ఇంటి దగ్గరే ఉంచి, బొరుగులు విడిగా పంపేదాన్ని.

రిటైరయ్యేదాకా మళ్లీ ఏ తల్లినీ ‘ఏం తినింది’ అని అడగలేదు. ‘నోట్లోకి ఏమేం పోయింది, ఎవరెవరు ఎత్తుకున్నారు’ అని అడిగేదాన్ని. అది కూడా నా ఒడి దులుపుకున్న తర్వాతే.