ఖాళీ గోడౌనుకు నేను వేసిన మార్కులు

కరోనా తగ్గి మాస్కులు జేబుల్లోకి చేరిన ఏడాది, జూన్ మొదటి సోమవారం నన్ను చెన్నై హెడ్డాఫీసు నుంచి నెల్లూరు బ్రాంచికి బదిలీ చేశారు. మాది షేర్ల బ్రోకింగ్ సంస్థ. నా హోదా సీనియర్ రీసెర్చ్ ఆఫీసర్. వినడానికి బరువుగా ఉంటుంది గానీ నెల్లూరులో నా కింద పనిచేసేవాళ్ళెవరూ లేరు. ఒక గది, ఒక కంప్యూటరు, కిర్రుమనే ఫ్యాను. రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు సొంత జిల్లాకు వచ్చానని ఇంట్లోవాళ్ళు సంతోషించారు. నేనూ సంతోషించాను. ఆ సంతోషం సెప్టెంబరు దాకా ఉంది.

మా పని గురించి బయటివాళ్ళకు ఒక అపోహ ఉంది. రేపు ఏ షేరు పెరుగుతుందో మాకు ముందే తెలుసని అనుకుంటారు. తెలిస్తే ఆ ఫ్యాను కింద ఎందుకు కూర్చుంటాను? మేము చేసేది జల్లెడ పట్టడం. మార్కెట్లో నమోదైన కంపెనీలన్నిటినీ కొన్ని షరతుల గుండా పంపుతాం. మొదటిది ధర. ఒక షేరు మీద కంపెనీ ఏడాదికి సంపాదించే లాభానికి ఆ షేరు ధర ఎన్ని రెట్లుందో చూస్తాం. పది రెట్ల లోపుంటే చౌక అని మా లెక్క. రెండోది అప్పు, అది తక్కువ ఉండాలి. మూడోది నగదు. నాకు ఇష్టమైన షరతు ఇదే. సరుకు అరువు మీద అమ్మినా పుస్తకంలో లాభం రాసుకోవచ్చు. నగదు అలా కాదు, బ్యాంకులో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అందుకని వ్యాపారం మీద చేతికి వచ్చిన నగదు, చూపించిన లాభం కన్నా తక్కువ కాకూడదు. ఒక్క ఏడాది చూసి మోసపోకుండా మూడేళ్ళ మొత్తం చూసేవాళ్ళం. గొప్ప పేరున్న కంపెనీలు ఈ షరతు దగ్గర రాలిపోతుంటే నాకు లోలోపల ఆనందంగా ఉండేది. ఇతర బ్రోకర్ల జాబితాలు చూసి నవ్వేవాణ్ణి కూడా. సూదికి బెజ్జం ఉందని జల్లెడ వెక్కిరించినట్టు ఉండేది నా వ్యవహారం.

ఆ జూన్‌లో జల్లెడ పడితే పదకొండు కంపెనీలు నిలిచాయి. అందులో ఒకటి రొయ్యల మేత తయారుచేసే కంపెనీ. పేరు చెప్పను. ఫ్యాక్టరీ మా జిల్లాలోనే, వెంకటాచలం దాటాక హైవేకి కాస్త లోపలగా ఉండేది. ధర లాభానికి ఆరు రెట్లు. అప్పు దాదాపు లేదు. వచ్చిన నగదు లాభానికి ఇంచుమించు రెండింతలు. నా ఉద్యోగంలో అంత శుభ్రమైన అంకెలు తక్కువ చూశాను.

జాబితాకు ఎక్కించే ముందు ప్రతి కంపెనీ మీద ఒక నోటు రాయాలి. అందులో 'ప్రత్యక్ష పరిశీలన' అని ఒక గడి ఉంటుంది. చాలామంది 'అవసరం లేదు' అని రాసి వదిలేస్తారు. నేను ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. ఇది గొప్పకు చెప్పడం లేదు. వెళ్ళకపోయి ఉంటే నా తప్పు సగమే అయ్యేది.

అక్కడి అకౌంట్స్ మేనేజరు మర్యాదస్తుడు, టీ ఇచ్చి అంతా తిప్పి చూపించాడు. ఆవరణ ఊడ్చి కళ్ళాపి చల్లినట్టుంది. ముడిసరుకు గోడౌనులో ఒక మూల సోయా పిండి బస్తాలు, ఇంకో మూల చేపల పొడి బస్తాలు, మిగతాదంతా ఉత్త సిమెంటు నేల. నిలవ పెట్టడం మానేశామని, ఎంత కావాలంటే అంతే తెప్పించుకుంటున్నామని ఆయన చెప్పాడు. నేను పుట్టి పెరిగింది ఈ తీరంలోనే. మేత ఫ్యాక్టరీకి పోయి వస్తే చేపల పొడి వాసన చొక్కాకు పట్టి రెండు ఉతుకులకు గానీ వదలదు. ఆ రోజు ఇంటికి వచ్చాక కూడా నా చొక్కా ఇస్త్రీ వాసనే వేసింది. ఆ సంగతి నాకు తట్టింది కూడా. ఫ్యాక్టరీని ఎంత శుభ్రంగా పెట్టుకున్నారో అనుకున్నాను. గడిలో 'సరుకు నిర్వహణ చాలా సమర్థంగా ఉంది' అని రాసి, పదికి తొమ్మిది మార్కులు వేశాను.

జులైలో సుగుణమ్మ గారు వచ్చారు. కావలిలో ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి అప్పుడే రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో రూతు అని చెల్లెలు. ఆమెకు యాభై దాటినా బుద్ధి నాలుగేళ్ళ పిల్ల దగ్గర ఆగిపోయింది. అలాంటివాళ్ళను బతికున్నంత కాలం చూసుకునే ఆశ్రమం ఒకటి వాళ్ళ చర్చివాళ్ళకు తెలుసు. అక్కడ చేర్చుకోవాలంటే ఒకేసారి పెద్ద డిపాజిట్టు కట్టాలి. రెండేళ్ళు సీటు ఉంచుతామన్నారు. ఈవిడ రిటైర్మెంటు డబ్బు ఆ డిపాజిట్టుకు నాలుగో వంతు తక్కువైంది. బ్యాంకు వడ్డీతో రెండేళ్ళలో అది పూడదు. అందుకని మా దగ్గరకు వచ్చారు.

"నేను పోయినాక దాన్ని చూసేవాళ్ళు లేరు సార్. అది నాకంటే ముందు పోవాలని ప్రార్థన చేసుకోవాల్సి వస్తా ఉండాది. అట్లా ప్రార్థన చేసేదానికి నాకు మనసొప్పలా," అన్నారు.

నా నోటు తెలుగు ప్రతి ఇస్తే వరుస కింద వేలు పెట్టి మొత్తం చదివారు. చదవకుండా సంతకం పెట్టేవాళ్ళనే చూసినవాణ్ణి, నాకు గౌరవం కలిగింది. చదివాక ఒకే ప్రశ్న అడిగారు.

"గోడౌను ఖాళీగా ఉండాదని మార్కులు వేసినారు గదా సార్. మా వార్డులో మందుల బీరువా ఖాళీ అయితే నాకు భయం పుట్టేది. ఇక్కడేమో మంచిదంటారా?"

ఆసుపత్రి వేరు, ఫ్యాక్టరీ వేరు అని మొదలుపెట్టి పావుగంట పాఠం చెప్పాను. మూలన పడున్న సరుకు నిద్రపోతున్న డబ్బే అన్నాను. ఇలాంటి మాటలు నాకు బాగా వచ్చు. ఆవిడ ఓపిగ్గా విని, మీరు చదువుకున్నవాళ్ళు, మీకు తెలియకుండా ఉంటుందా అన్నారు. తన డబ్బులో సగం ఆ ఒక్క కంపెనీలోనే పెట్టారు. పదకొండింటిలో తలాకొంచెం పెట్టమని చెప్పాను. మిగతా పదీ ఎక్కడున్నాయో తనకు తెలియదని, ఈ కంపెనీ లారీలు మాత్రం రోజూ కావలిలో కళ్ళెదుటే తిరుగుతున్నాయని అన్నారు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. నా నోటు మీద నాకూ అంత మోజు ఉండేది.

సెప్టెంబరులో ఒక ఆదివారం తెల్లవారి మా చిన్నాన్న కొడుకు రమణయ్యను చూడ్డానికి కృష్ణపట్నం వైపు వెళ్ళాను. వరి పొలం కౌలుకిచ్చి, సముద్రం దగ్గర రెండు రొయ్యల గుంటలు తీసుకుని సాగు చేస్తున్నాడు. వెళ్ళేసరికి గుంటలో వలలు లాగుతున్నారు. నడుము లోతు నీళ్ళలో పదిమంది, గట్టు మీద ఐసు పెట్టెలు, వ్యాపారి వ్యాను. రొయ్య వేసి ఇంకా యాభై రోజులే, పట్టే అదను కాదు. పక్క గుంటలో తెల్లమచ్చ రోగం తగిలింది, రేపో మాపో తనదాంట్లో కూడా చచ్చి తేలుతాయని, చిన్నదో పెద్దదో ఉన్నదంతా ఎత్తేస్తున్నాడు. కిలోకు వంద తూగే పిల్ల రొయ్యలు. వ్యాపారి అక్కడికక్కడే నోట్లు లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళాడు.

ఏదో ఒకటి అనాలి కదా అని, పోనీలే, డబ్బు చేతికొచ్చింది అన్నాను.

రమణయ్య నోట్ల కట్ట తువ్వాలులో చుట్టుకుంటూ, "వచ్చిందిలే అన్నా. ఈ ఏడాదిలో ఒక్క దినాన ఇంత ఎప్పుడూ చూళ్ళా. గుంటలో ఏముండాదో చూడు," అన్నాడు. బురద నీళ్ళు తప్ప ఏమీ లేదు.

కట్ట చంకలో పెట్టుకుని మళ్ళీ అన్నాడు: "మేతోళ్ళు కూడా ఇదే పని చేస్తా ఉండారు. అరువు ఆపేసినారు, పాత బాకీలు పిండుకుంటా ఉండారు, ఉన్న బస్తాలు అమ్ముకుంటా ఉండారు. కొత్తగా సరుకు దించిందే లేదు. వాళ్ళూ గుంట పట్టేస్తా ఉండారన్నా."

ఏ మేతోళ్ళు అని అడిగాను. చెప్పాడు. గట్టు మీదే కూర్చుండిపోయాను. ఆ ఉత్త సిమెంటు నేల, వాసన పట్టని చొక్కా, బీరువా గురించి అడిగిన సుగుణమ్మ గారు, అన్నీ ఒక్కసారి మీదకు వచ్చాయి.

సోమవారం పొద్దున్నే ఆ కంపెనీ నగదు పట్టిక తీశాను. పట్టికలో పైన లాభం ఉంటుంది, కింద వచ్చిన నగదు మొత్తం ఉంటుంది. ఈ రెంటికీ మధ్య, నగదు ఎలా వచ్చిందో చెప్పే వరుసలుంటాయి. నిలవ సరుకు తగ్గిందా, రావలసిన బాకీలు వసూలయ్యాయా అన్నది అక్కడే తెలుస్తుంది. చివరి ఏడాది నగదులో ఎక్కువ భాగం ఆ రెండు వరుసల నుంచే వచ్చింది. కొత్త యంత్రాలకు పెట్టిన ఖర్చు సున్నా. అంటే వ్యాపారం నడిచి వచ్చిన డబ్బు కాదది, వ్యాపారాన్ని ఎత్తేస్తుంటే వచ్చిన డబ్బు. అంతకు ముందు రెండేళ్ళూ నీరసంగానే ఉన్నాయి గానీ, చివరి ఏడాది లావు వాటిని కప్పేసింది. ఈ వరుసలన్నీ జూన్‌లోనూ నా ముందే ఉన్నాయి. నేను మొత్తాలు మాత్రమే చూశాను.

జాబితా నుంచి కంపెనీని తీసెయ్యడం నా చేతిలో లేదు. కారణాలతో నోటు పంపితే హెడ్డాఫీసులో కమిటీ కూర్చుని నిర్ణయిస్తుంది. ఆ మధ్యాహ్నమే పంపాను. కమిటీ పై వారం బుధవారం కూర్చుంటుందని జవాబు వచ్చింది. అప్పటిదాకా విషయం గోప్యం. ఒక ఖాతాదారుకు తెలిసింది మిగతావాళ్ళకు తెలియకుండా ఉండకూడదని రూలు. మంచి రూలే. అది లేకపోతే ప్రతి ఆఫీసరు బావమరిదీ ముందే అమ్ముకుని బయటపడతాడు. మా బ్రాంచి మేనేజరు, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, ఈ సంగతి నాకు రెండుసార్లు గుర్తుచేశాడు.

ఆ గురువారం సుగుణమ్మ గారు మిగతా సగం డబ్బుతో వచ్చారు. షేరు ధర కొద్దిగా తగ్గి ఉంది.

"చౌకైంది గదా సార్, ఇప్పుడు వేస్తే మంచిదనుకున్నా. మన జాబితాలో ఉండాది గదా?"

ఈ కంపెనీ గురించి ఇప్పుడు మాట్లాడలేనని చెప్పవచ్చు. ఆ మాత్రం రూలు ఒప్పుకుంటుంది. ముప్పై అయిదేళ్ళు రోగుల ముఖాలు చదివిన మనిషికి ఆ మాట చాలు, డబ్బు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయేవారు. అలా చెబితే బయటికి పొక్కుతుందేమో, రిటైరయ్యే ముందు విచారణ పడుతుందేమో అని భయపడ్డాను. తొమ్మిది మార్కులు వేసినవాణ్ణి అప్పుడే మాట మార్చుకోవడానికి సిగ్గు కూడా అడ్డం వచ్చింది.

"ఉంది మేడమ్, జాబితాలోనే ఉంది," అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆవిడ సంతకం పెట్టబోతే పెన్ను రాయలేదు, నాది ఇచ్చాను.

కమిటీ కూర్చోకముందే, సోమవారం నాడు, ఫ్యాక్టరీలోని మూడు మేత యూనిట్లలో రెండు మూసేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. ఒక షేరు ఒక్క రోజులో ఇంతకన్నా పడకూడదని ఎక్స్చేంజీ ఒక గీత గీస్తుంది. ఆ గీత దగ్గర అమ్మేవాళ్ళే గానీ కొనేవాళ్ళు లేరు. వరసగా కొన్ని రోజులు అలాగే పడింది. సుగుణమ్మ గారి షేర్లు అమ్ముడయ్యేసరికి ఆవిడ డబ్బులో మూడో వంతు మిగిలింది. కమిటీ మాత్రం అనుకున్న బుధవారమే కూర్చుని కంపెనీని జాబితా నుంచి తీసేసింది. సకాలంలో హెచ్చరించానని నన్ను మెచ్చుకుంటూ ఒక ఉత్తరం కూడా పంపారు. చేతులు కాలాక పట్టుకున్న ఆకుకు అది రసీదు.

అక్టోబరులో కావలి వెళ్ళాను. ఎవరూ పొమ్మనలేదు. రూతు వసారాలో కూర్చుని, మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెడుతూ ఉంది. సుగుణమ్మ గారు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, తిన్నగా అడిగారు.

"ఆ గురువారం మీకు తెలుసునా సార్?"

తెలుసన్నాను.

ఆవిడ రూతు వైపు ఒకసారి చూశారు. తర్వాత అన్నారు: "రోగి బతకడని తెలిసినప్పుడు చెప్పలేని డాక్టర్లను చూసినాను. వాళ్ళు ముఖమైనా తిప్పుకునేవాళ్ళు. మీరు నా ముఖం చూసే చెప్పినారు."

నీళ్ళు తాగి లేచాను. వచ్చేటప్పుడు రూతు ఒక మడత చీర తెచ్చి నా చేతిలో పెట్టింది. దాన్ని కుర్చీ మీద ఉంచి వచ్చాను.

గడువు ముగిశాక ఆశ్రమంలో సీటు వేరేవాళ్ళకు ఇచ్చారు. సుగుణమ్మ గారు కావలిలోనే ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో మళ్ళీ డ్యూటీకి చేరారు. ఒకసారి ఆ దారిన పోతూ చూశాను. కౌంటరు పక్క బెంచీ మీద రూతు కూర్చుని ఉంది. రోజూ వెంట తీసుకువస్తారట. నేను లోపలికి వెళ్ళలేదు.

మా నోటులో ఇంకో గడి చేర్చమని హెడ్డాఫీసుకు రాశాను: నగదు వ్యాపారం నడిపితే వచ్చిందా, ఊడ్చేస్తే వచ్చిందా? కంప్యూటరు నింపలేని గడి పెట్టడం కుదరదన్నారు. రిటైరయ్యేదాకా ప్రతి నోటు మీదా ఆ ప్రశ్న చేత్తో రాసి, జవాబు దొరికాకే సంతకం పెట్టాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. రొయ్యల గుంటల మధ్య పెరిగినవాణ్ణి, ఖాళీ గుంటను గుర్తుపట్టడానికి నాకు నగదు పట్టిక అక్కర్లేదు. నాకు తెలిసినదాన్ని ఆఫీసు గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి లోపలికి వెళ్ళడం నా మొదటి తప్పు. జల్లెడకు తెలియనిది మనిషి చూడాలి, లేకపోతే మనిషి జీతం దండగ.

రెండోదాన్ని సరిదిద్దడానికి ఏ గడీ లేదు. చాలాకాలం ఆ గురువారానికి రూలును అడ్డం పెట్టుకున్నాను. రూలు నన్ను చెప్పవద్దని మాత్రమే అంది. ఆవిడ అడిగినదానికి జాబితాలోనే ఉందని చెప్పమని ఏ రూలూ అనలేదు. ఆ మాట నాది.