నలభై రెండో నంబరు వారి జుట్టు

మద్రాసుతో మాట్లాడాలంటే మధ్యలో ఒక ఆడపిల్ల కూర్చోవలసిన రోజులవి. జగ్గయ్యపేట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆ ఆడపిల్లను నేను. నందిగామ నుంచి రోజూ బస్సులో వచ్చి, హెడ్‌ఫోన్ తగిలించుకుని, తీగలు గుచ్చుతూ పీకుతూ ఉండేదాన్ని. ఊళ్ళో వాళ్ళ పేర్లు నాకు తెలియవు, నంబర్లే తెలుసు. పదకొండంటే దగ్గు, ఇరవై అంటే విసుగు, నలభై రెండంటే మెత్తటి గొంతు. (ఆ గొంతు కోసం ఎదురుచూస్తున్నావని అప్పట్లో ఎవరైనా అని ఉంటే కొట్టేదాన్ని.) నలభై రెండు ఒక పురుగుమందుల కొట్టు. ఆ గొంతు యజమాని కొడుకుది.

ఒక మధ్యాహ్నం తండ్రి భోజనానికి వెళ్ళిన సమయం చూసి అతను మద్రాసులో ఒక తెలుగు డాక్టరుకి ట్రంక్ కాల్ బుక్ చేశాడు. లైను కలిసింది గానీ ఒకటే గరగర. వాళ్ళ మాటలు ఒకరివి ఒకరికి వినపడవు, ఇద్దరివీ నాకు వినపడతాయి. అలాంటప్పుడు మేమే అటు మాట ఇటు అందించేవాళ్ళం.

“వెనకవైపు జుట్టు దట్టంగా ఉందా అని అడుగుతున్నారండి,” అన్నాను.

“ఉందని చెప్పండి. ముందువైపే లేదు,” అన్నాడు నీరసంగా.

“ముందు లేదట డాక్టరుగారూ!” అని అరిచాను.

అలా అన్నీ తెలిశాయి. ఇరవై ఆరేళ్ళు, పెళ్ళి కాలేదు, బట్టతల చూసి మూడు సంబంధాలు వెనక్కి పోయాయి. వెనక జుట్టును చర్మంతో సహా చిన్న చిన్న బిళ్ళలుగా తీసి ముందు నాటుతారట.

ఆఖర్న, “మీరెవరితోనూ అనరు కదండి?” అన్నాడు.

“అంటే నా ఉద్యోగం పోద్దండి.”

అతను నవ్వాడు. ఆ సాయంత్రం నందిగామ దాకా బస్సులో నిలబడి వచ్చాను. కాళ్ళు నొప్పెట్టలేదు.

ఇంట్లో తిరుపతి అని చెప్పి మద్రాసు వెళ్ళొచ్చాడు. (అందరూ జుట్టు ఇచ్చిరావడానికి వెళ్ళే దారినే ఇతను తెచ్చుకోవడానికి వెళ్ళాడు.) మూడు వారాలకు నాటిన జుట్టంతా రాలిపోవడం మొదలైంది. ఏడుపు గొంతుతో మళ్ళీ మద్రాసు లైను అడిగాడు. మళ్ళీ గరగర.

“రాలుతుందటండీ! భయం లేదట! వేరు బతికే ఉందట! మూడు నెలలకి మళ్ళీ మొలుస్తుందట!” అని గొంతు చించుకున్నాను.

“ఏం తోటే అది?” అంది పక్క సీటులోని పెద్దావిడ.

“మిరపండి.”

“ఆ పెనుగంచిప్రోలు వైపంతా ఇదే తెగులంట పాపం,” అంది.

ఆ తర్వాత అతను మద్రాసు అడగడం మానేసి నాకే కబురు చెప్పేవాడు. “ఇవాళ వేలికి గరుగ్గా తగిలిందండి.” “రెండు మొలిచాయండి.” బోర్డు మీద వేరే నంబర్ల దీపాలు నాలుగు వెలిగి పిలుస్తున్నా, ఆ రెండు వెంట్రుకల గురించి విన్నాకే తీగ పీకేదాన్ని.

ఐదో నెలలో ఎక్స్ఛేంజి గుమ్మంలోకి ఎవరో టోపీ పెట్టుకుని వచ్చారు. “నేనండి, నలభై రెండు,” అన్నాడు. టోపీ తీసి తల వంచాడు. నుదుటి మీద జుట్టు కుచ్చులు కుచ్చులుగా, దేనికది ఎడంగా నిలబడి ఉంది.

“ముందెలా ఉండేదో మీరు చూళ్ళేదు కదండి. అందుకే మీరైతే నిజం చెప్తారని వచ్చా.”

“బాగుందండి,” అన్నాను. అబద్ధం కాదు. ఆ కుచ్చుల కింది కళ్ళు బాగున్నాయి.

“అయితే ఆదివారం కంచికచర్ల పెళ్ళిచూపులకి ధైర్యంగా వెళ్ళొచ్చంటారా?”

“వెళ్ళండి,” అన్నాను, ఆపరేటరు గొంతుతో.

సంబంధం కుదిరింది. ఆ మాట డాక్టరుకి చెప్పడానికి చివరిసారి మద్రాసు అడిగాడు. కలిపాను. ఆ రోజు లైను అద్దంలా ఉంది. వాళ్ళ మధ్య నా అవసరం పడలేదు. అయినా హెడ్‌ఫోన్ తియ్యకుండా, ఒక్క గరగరైనా రాకపోతుందా అని కూర్చున్నాను. ఊరంతటి మాటలూ గొంతెత్తి అందించి, తన మాట ఒక్కటే దాచుకున్న ఆ పిల్లను ఇప్పుడు తలుచుకుంటే జాలేస్తుంది. అంతలోనే నవ్వూ వస్తుంది.