లేసు చూడడానికి వచ్చిన జపానావిడ

నరసాపురం దగ్గర మా ఊళ్ళో ఆడవాళ్ళు అల్లిన లేసును ఒక వ్యాపారి విదేశాలకు పంపుతారు. సరుకు బయటికి వెళ్ళే ముందు ఒక్కో ముక్కా సరిచూడడం నా పని. అమ్మ పోయిన ఏడాది, జపాన్‌లో మా లేసు అమ్మే చిన్న దుకాణం నడిపే ఒకావిడ మా పని చూడడానికి వచ్చారు. అరవై దాటిన మనిషి. నాకు కాస్త ఇంగ్లీషు వచ్చని ఆవిడ బాధ్యత నాకు అప్పగించారు.

మొదటి రోజే ఆవిడ, నేను సరిచూసిన బల్లగుడ్డ ఒకటి పక్కన పెట్టేశారు. ఒక పువ్వులో రేకు తక్కువుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ నా పక్కనే చాప మీద కూర్చుని ఆ పువ్వు విప్పారు. నేను మళ్ళీ అల్లాను.

మూడో రోజు భోజనానికి ఇంటికి పిలిచాను. పప్పన్నం చెంచాతో తిన్నారు, ఒక్క మెతుకు మిగల్చకుండా.

"మీరొక్కరే ఉంటారా?" అని అడిగారు.

"అవునండి. మా అమ్మగారు పోయాక ఒక్కదాన్నే."

"నేనూ అంతే."

జపానంటే నాకు తెలిసింది కార్లు, పెద్ద రైళ్ళు, దీపాల వెలుగు. ఆవిడ చెప్పిన ఊరు వేరు. రైలు నిమిషం తేడా లేకుండా వస్తుందట, ఎక్కేవాళ్ళే ఉండరట. పిల్లలు లేక బడి మూసేసి, అందులో వృద్ధాశ్రమం పెట్టారట. చేపల ఫ్యాక్టరీలో పనికి వేరే దేశాల నుంచి మనుషుల్ని తెచ్చుకుంటున్నారట. తన దగ్గర లేసు కొనేది ముసలివాళ్ళే, వాళ్ళూ ఏటా తగ్గిపోతున్నారట.

"మీ వాళ్ళెవరూ రారాండీ?"

"తమ్ముడు టోక్యోలో ఉన్నాడు. కొత్త సంవత్సరానికి ఫోన్ చేస్తాడు. మా దగ్గర అందరికీ పనే. తప్పు పట్టకూడదు."

అంతలో మా ఇంటెదురు బడి వదిలారు. ఆవిడ లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. చివరి పిల్ల వెళ్ళిపోయేదాకా కదల్లేదు. నేను పలకరించకుండా కంచాలు కడిగాను. అమ్మ పోయాక రెండో కంచం కడగడం అదే మొదలు.

వెళ్ళేటప్పుడు నడుం వంచి, "వచ్చే ఏడు వస్తాను" అన్నారు.

రాలేదు. ఆర్డరూ రాలేదు. వ్యాపారిని అడిగాను.

"దుకాణం మూసేశారంటమ్మా. మెయిల్ వచ్చింది."

"ఆవిడ బాగున్నారాండీ?"

"అదేం రాయలేదమ్మా."

ఆవిడ ఇచ్చిన కార్డు మీద అడ్రసు చూసి క్రిస్మస్‌కి ఉత్తరం రాశాను. ఏం రాయాలో తెలియక, నేను బాగున్నాను, మీరెలా ఉన్నారు అని మాత్రం రాశాను. చాలా రోజులు పోస్ట్‌మాన్‌ని అడుగుతూ వచ్చాను. పాపం, ప్రతిసారీ లేదని చెప్పడానికి ఆయనే మొహమాటపడుతుంటే, అడగడం మానేశాను.