ఎనిమిది కాళ్ళ పరీక్ష

మీరు నుమతా గారిని ఒక్కసారైనా కలిసి తీరాలి. సముద్రం ఒడ్డునున్న హిమి ఊళ్ళో ఎవరి ఫ్యాక్స్ మొరాయించినా వచ్చేది ఆయనే. వచ్చి పెట్టె విప్పరు, తీగలు పీకరు. జేబులోంచి కాగితం తీసి ఆక్టోపస్ బొమ్మ గీస్తారు. కొన్నిసార్లు ఎవరూ పిలవకపోయినా వచ్చి, "మీ మెషీను మీద అనుమానంగా ఉంది" అని గీస్తారు.

ఇకుయో నడిపే బెంటో భోజనం డబ్బాల కొట్టుకి మాత్రం పిలిస్తేనే వచ్చారు. కొట్టుకి ఇంటర్నెట్ ఫోను లైను పెట్టించినప్పటి నుంచి చేపల మార్కెట్ ఫ్యాక్సులో పంపే భోజనాల ఆర్డరు సగంలో తెగిపోతోంది. పైన 'కాల్చిన చేప పన్నెండు' అని ఉంటుంది, కింద అంతా తెల్లకాగితం. ఇకుయో అందరికీ చేపే పంపింది. పొద్దస్తమానం చేపలు మోసేవాళ్ళు మూడు రోజులు చేపే తిన్నారు. శుక్రవారం కూడా ఇంతే అయితే పక్క వీధి కొట్టుకి పోతామని కబురు పెట్టారు.

"బొమ్మెందుకండీ?" అంది ఇకుయో.

"కాళ్ళు లెక్కపెట్టడానికి. లైను ఎక్కడ మింగితే అక్కడ కాలు పోతుంది."

"ఎవరు లెక్కపెడతారు?"

"టోకివా గారు. ఊళ్ళో అంత కచ్చితమైన మనిషి లేరు."

ఆక్టోపస్ వెళ్ళింది. కాసేపటికి జవాబు గరగరమంటూ వచ్చింది: 'కాళ్ళు ఐదు. తల బాగుంది.' కింద తెల్లకాగితం.

"తల బాగుంటే చాలదా?" అంది ఇకుయో.

"చాలదు. ఇప్పుడు మన చేపల మార్కెట్ విదేశంలో ఉందని ఈ మెషీనుకి చెప్పాలి."

"ఇక్కడి నుంచి కేక వేస్తే వినపడుతుందండీ మార్కెట్."

"వినపడనీండి. దీనికి తెలియకూడదు. విదేశం అనుకుంటే నెమ్మదిగా మాట్లాడుతుంది. ఇంటర్నెట్ లైనులో గబగబా మాట్లాడితే మాటలు పడిపోతాయి."

ఆయన ఏవో మీటలు నొక్కి 'విదేశం' అన్నదాన్ని ఎంచుకున్నారు. వచ్చే కాగితాల వేగం కూడా తగ్గించారు. రెండో ఆక్టోపస్ నత్తలా వెళ్ళింది. జవాబు అంతకన్నా నెమ్మదిగా వచ్చింది, కానీ ఈసారి చివరి వరకూ వచ్చింది.

'కాళ్ళు ఎనిమిది. అన్నం తిన్నాను. మందు వేసుకున్నాను. మోకాలు నిన్నటి కంటే నయం. నువ్వు తిన్నావా, లేక ఇవాళ కూడా మర్చిపోయావా?'

ఇకుయో రెండుసార్లు చదివింది. "ఇదీ పరీక్షేనా?"

నుమతా గారి చెవులు ఎర్రబడ్డాయి. "కింది సగం వస్తోందో లేదో చూడాలి కదండీ."

టోకివా గారికి ఎనభై ఎనిమిదేళ్ళు. రేవు అవతల ఒంటరిగా ఉంటారు. చెవులు బొత్తిగా వినపడవు కాబట్టి ఆవిడకి ఫోను దండగ, ఫ్యాక్సే దిక్కు. ఈ సంగతులు ఇకుయో ఆయన నోటి నుంచి ఒక్కొక్కటే లాగాల్సి వచ్చింది. అనుమానంగా ఉందంటూ ఆయన ఊరంతా ఎందుకు తిరుగుతున్నారో అప్పుడు అర్థమైంది. ఆ పూట ఆయనకి అన్నం తినిపించి గాని వదల్లేదు.

శుక్రవారం ఆర్డరు పూర్తిగా వచ్చింది. అడుగున 'దయచేసి చేప వద్దు, వేయించిన చికెన్ ముప్ఫై' అని మూడు గీతలు గీసి మరీ ఉంది. మార్కెట్ బేరం నిలిచింది.

సోమవారం నుమతా గారికి జ్వరమని తెలిసింది. ఇకుయో చికెన్ మూకుడు దగ్గర నుంచే కాగితం అందుకుని, తనే ఒక ఆక్టోపస్ గీసి టోకివా గారికి పంపింది. మెషీను ఇంకా మార్కెట్ విదేశమనే నమ్ముతోంది కాబట్టి తీరిగ్గా వెళ్ళింది.

జవాబు వచ్చింది: 'కాళ్ళు తొమ్మిది. లైను కాళ్ళు మింగడం చూశాను గాని మొలిపించడం ఎప్పుడూ చూడలేదు. నుమతాకి ఏమైంది?'

నిజం రాస్తే ఆ మోకాళ్ళతో ఆవిడ రేవు దాటి బయల్దేరేలా ఉన్నారు. లైను తప్పంటే నమ్మే మనిషి కాదు. మూకుట్లో చికెన్ మాడుతోంది, ఇకుయో చేతిలో కలం అలాగే ఉంది.

మీరైతే ఏం రాసేవారు?