సజ్జగుంటవారి మొదటి చీర

మొన్న మనవరాలు నన్ను కళ్ళు చూపించడానికి చింతామణికి తీసుకొనిపోయింది. పని ముగించుకొని బస్టాండుకు వస్తుంటే, దారిలో ఒక మండీ ముందర ఆడవాళ్ళు వరసగా కూర్చుని కొత్త చింతపండు కొట్టి గింజ తీస్తున్నారు. ఆ పులుపు వాసన తగలగానే దవడలు జివ్వుమన్నాయి. డాక్టరు కంట్లో వేసిన మందుకు మనుషులు మసకగా కనిపిస్తున్నారు గాని, ఆ వాసనలో నరసక్క మాత్రం తేటగా కనిపించింది. ఒక పండు చిదిమి నాలుక మీద వేసుకొని, ఎడమ కన్ను మూసి, "ఇది మిట్టేమరి పండు కాదప్పా, నాకు చెప్పొద్దు" అని వ్యాపారి మొహం మీదనే అనే నరసక్క. ఆమెను బాగా ఎరిగినవాళ్ళు ఇప్పుడు నేను తప్ప ఎవరూ మిగల్లేదు. అందుకే రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటిన తర్వాత, అదీ మనవడి పలక మీద. శాలెలో వాడికి కన్నడం నేర్పేవారు కాబట్టి నాకూ మొదట కన్నడమే వచ్చింది, తెలుగు తర్వాత కూడబలుక్కున్నాను. రాత వంకరగా ఉంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

నరసక్క మా మామకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోయాడు, పిల్లలు లేరు. బాగేపల్లి దగ్గరున్న మా ఊరికి, తన పుట్టింటి ఊరికే తిరిగివచ్చి మా గోడ పక్కన వేరే ఇంట్లో ఉండేది. తమ్ముడి అన్నం తినలేదు. ఊళ్ళు తిరిగి, కాయ పచ్చిగా ఉండగానే చింతచెట్లు బేరమాడి, పండినాక చింతామణి మండీకి తోలించేది. ఆ వ్యాపారం చేసిన ఆడమనిషి మా వైపు ఇంకొకరు లేరు. ఊరంతా ఆమెను నరసక్క అనేది, నేను పెద్దమ్మా అనేదాన్ని. అందరూ మెచ్చుకునే రకం కాదు. పిసినారి. ముక్కుపొడుం పీల్చి నా కొంగుకే చేయి తుడిచేది. ఒకరి ఏడుపు ఆమెకు పడేది కాదు. కొత్త కోడలుగా వచ్చి నేను పుట్టిల్లు తలుచుకొని ఏడుస్తుంటే గోడ మీదుగా తొంగిచూసి, "ఏడ్చేది అయిపోతే చెప్పు తల్లీ, కొట్టాల్సిన చింతపండు ఉండాది" అన్నది. పోయి చింతపండు కొట్టాను. ఏడుపు ఎప్పుడు ఆగిపోయిందో గుర్తులేదు.

మా అత్తవారి ఇంటిపేరు సజ్జగుంట. మైసూరు సీమలో బతికే మాకు ఇంటిపేరు రోజూ వాడుకునేది కాదు. కచేరీలోనూ శాలెలోనూ మనిషి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు అడుగుతారు, అంతే. ఇంటిపేరు నోటికి వచ్చేది పెళ్ళిమాటలప్పుడే. ఒకే ఇంటిపేరువాళ్ళు అన్నదమ్ముల కింద లెక్క, పిల్లను ఇచ్చిపుచ్చుకోరు. కొన్ని ఇంటిపేర్లు ఏ ఊరికి పోయినా తగులుతాయి. సజ్జగుంట అలాంటిది కాదు. నా సంబంధం మాట్లాడేటప్పుడు మా నాయన, "ఈ పేరు యాడా వినలేదే, మనుషులేనా?" అన్నాడట. ఒకప్పుడు వాళ్ళు చాలా ఊళ్ళలో ఉండేవారనీ, కరువుల్లో కొన్ని ఇళ్ళు, ప్లేగులో కొన్ని ఇళ్ళు ఖాళీ అయ్యాయనీ మా మామ చెప్పేవాడు. చెప్పేటప్పుడు ఆయన గొంతు చూస్తే, పోయింది పేరు కాదు, సొంత పొలం అనిపించేది.

నాకు ఇద్దరూ ఆడపిల్లలే. రెండో కాన్పు కష్టమై, ఇక పిల్లలు కలగరని మంత్రసాని తేల్చేసింది. మా ఆయన ఇంటికి ఒక్కడే కొడుకు. యుద్ధం జరుగుతున్న రోజులవి. ఒకనాటి పొద్దున మామ అరుగు మీద కూర్చుని, నేను వింటున్నానని తెలిసి కూడా, మా ఆయనతో అన్నాడు. "చింతామణి పక్క ఒక పిల్ల ఉండాది. దసరా పోయినాక తాంబూలాలు మార్చుకుందాం." మా ఆయన నేల చూశాడు. మంచివాడే, తండ్రి ముందర నోరు లేదు. మా పక్క వీధిలోనే సవతి వచ్చిన ఇల్లు ఒకటి ఉండేది. అక్కడ పెద్దామె, ఆమె పిల్లలు పశువుల కొట్టంలో పడుకునేవారు.

గోడ మీద నరసక్క తల కనిపించింది.

"ఏమప్పా తమ్ముడా, ఇంకో కోడలా? ఉండే కోడలు అరిగిపోయిందా?"

"నీకేం తెలుసక్కా. ఇంటిపేరు మాతో ఆగిపోతాది. మేం పోతే సజ్జగుంటోళ్ళు అనేవాళ్ళు భూమ్మీద ఉండరు."

"భూమంతా చూసొచ్చినావా?"

"చూసేదేముండాది? అందరికీ తెలిసిందే కదా."

"బాగేపల్లి దాటి నువ్వు పోయింది ఎన్నడు? ఎట్లాగూ చెట్లు చూడను పోతాండాను, నేనే చూసొస్తా. నేనొచ్చేదాకా తాంబూలం మాట ఎత్తినావంటే, ఆ పిల్లోళ్ళింటికి పోయి నీ గురించి ఉన్నవీ లేనివీ చెప్పొస్తా."

మామ నవ్వాడు. "పో పో. దొరికితే నాకూ చూపించు." నరసక్క నా వైపు తిరిగి, "పిల్లల్ను మీ అత్త దగ్గర వదిలి రా. సంచి మొయ్యను మనిషి కావాల" అన్నది. నిజంగానే దారంతా సంచి నేనే మోశాను.

మహాలయ అమావాస్యకు ఇంట్లో పెద్దల పండగ చేసుకొని, మర్నాడే బయలుదేరాం. మొదట మిట్టేమరి. అక్కడ ఒక ముసలాయన ఇంటి ముందర మంచం మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. సజ్జగుంటవాళ్ళు ఎవరని అడిగితే, "మేమేనమ్మా" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కొడుకులు బంగారు గనుల్లో పని చేస్తాండారు, మనవళ్ళకు అరవం తప్ప ఏమీ రాదు అన్నాడు.

"వాళ్ళకు ఇంటిపేరన్నా తెలుసా?" అన్నది నరసక్క.

"గనుల్లో అది అడిగేవాడెవడు తల్లీ? బిళ్ళ మీద నెంబరు ఉంటాదంట, ఆ నెంబరుతోనే పిలుస్తారంట."

చెబుతూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నరసక్క ఆయన ఏడుపు అయ్యేదాకా ఆగి, పెరట్లో చింతచెట్టు బేరం మొదలుపెట్టింది. గీచి గీచి మాట్లాడింది. చివరికి ఆ ముసలాయన తడి కళ్ళతోనే నవ్వి, "నువ్వు సజ్జగుంటలో పుట్టినదానివే, అనుమానం లేదు" అన్నాడు.

అక్కడినుంచి, యుద్ధంలో పెట్రోలు దొరకక బొగ్గుతో నడుపుతున్న బస్సులో, చింతామణి. అక్కడ గానుగనూనె అమ్మే ఆసామి ఒకడు సజ్జగుంటవాడని మండీలో చెప్పారు. అంగట్లో ఆయన కొడుకు కూర్చుని ఉన్నాడు, శాలెకు పోయే పిల్లవాడు. నరసక్క వాణ్ణి మీ ఇంటిపేరు ఏందిరా అని అడిగింది.

"సి."

"సి అంటే?"

"చింతామణి." వాడికి మా మీద జాలి కలిగినట్టుంది. ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూశాడు.

తండ్రి లోపలినుంచి వచ్చి, "శాలెలో మేష్ట్రు అట్ల రాసుకున్నాడమ్మా, ఏం చేసేది? వాని పెండ్లప్పుడు చెప్తాంలే" అన్నాడు. "అంతదాకా నీకు గుర్తుంటే కదా" అన్నది నరసక్క.

బయటికి వచ్చాక నాకు ప్రాణం లేచివచ్చినట్టయింది. "మగపిల్లలు ఉండారు కదా పెద్దమ్మా. ఇది చాలదా మామకు?" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "వాళ్ళ కొడుకులు వాళ్ళకు, నాకేమొస్తాది అంటాడు. వాణ్ణి ఎత్తుకొని పెంచినదాన్ని, నాకు తెల్దా?"

ఆ తిరుగుడులో నేను ఆమె పని చేసే తీరు గమనించాను. ఊళ్ళోకి పోగానే మగవాళ్ళు కూర్చున్న చోటికి పోయేది కాదు. బావి దగ్గరికో, గింజ తీసేవాళ్ళ దగ్గరికో పోయి, నువ్వు ఏ ఇంట్లో పుట్టినావమ్మా అని అడిగేది. "మగోణ్ణి అడిగితే ఒక ఇంటి సంగతి చెప్తాడు. ఆడదైతే పుట్టిందీ మెట్టిందీ రెండిండ్ల సంగతీ చెప్తాది. ఒక బేరంలో రెండు సరుకులు" అనేది. ఆ పేరు నిలిచిన ఇళ్ళు ఎక్కడో ఒకటి. ఆ పేరుతో పుట్టి, పెళ్ళితో దాన్ని వదిలేసి పోయిన ఆడవాళ్ళు మాత్రం పోయిన ప్రతి ఊళ్ళోనూ తగిలారు. మా అక్క కూతురు, మా అవ్వ అంటూ ఒకరు చెబితే పక్కనున్నవాళ్ళు ఇంకొకరిని చెప్పేవారు. కరువూ ప్లేగూ మింగేశాయని మామ అనుకునే ఆ పేరు, ఆడవాళ్ళ వెంట ఇంతదూరం పోయి ఉందా అని నాకే వింతగా ఉండేది. చింతామణి మండీలో గింజ తీసే ఒకామె చెప్పింది, సజ్జగుంటోళ్ళ మూలం ఇల్లు నాగరగెరెలో ఉండాది, మా అమ్మ ఆ ఇంటి బిడ్డే అని.

మేం నాగరగెరె చేరేసరికి దసరా ముందునాటి మార్నవమి. మేము అమావాస్యకు చేసే పెద్దల పండగ వాళ్ళు ఆరోజు చేస్తారు. ఇల్లంతా జనం, వంటల వాసన. మగపిల్లలు కూడా ఉన్నారు, ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటున్నారు. సజ్జగుంటలో పుట్టినదాన్నని నరసక్క చెప్పగానే ఇంకేం అడక్కుండా కాళ్ళకు నీళ్ళిచ్చారు. లోపల గోడ వారగా కడిగిన పీటల మీద, పోయిన పెద్దలకు కొత్త బట్టలు పరుస్తున్నారు. ఇంటి ముసలామె మొదట ఒక చీర పరిచింది. దాని పక్కన పంచెలు, ఆ తర్వాత మిగిలినవాళ్ళవి. పరిచిన ప్రతి బట్ట దగ్గరా ఆ మనిషి పేరు గట్టిగా పిలిచింది. మొదటి చీర దగ్గర మాత్రం ఏమీ పలకలేదు.

ఊరుకోలేక అన్నాను. "మా ఇంట్లోనూ ఇంతే అవ్వా. గంగమ్మతల్లి చీర ముందు పరిచినాకే పంచెలు."

ముసలామె నడుం ఎత్తి చూసింది. "గంగమ్మదా? గంగమ్మదని ఎవరు చెప్పిరి?"

"మా అత్త."

"మీ అత్త ఈ మూలం ఇంట్లో మెట్టింది కాదు, ఆమెకేం తెలుసు. ఇది ఈ ఇంటి ఆడబిడ్డది. మా పెద్దోళ్ళకు మగబిడ్డ లేడు, ఒక్కతే కూతురు. అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకుండ్రి. ఆయప్పది వేరే ఇంటిపేరు. పుట్టిన కొడుకులు మాత్రం అమ్మ ఇంటిపేరు మీదనే ఉండిపోయిరి. యాడికి పోయిన సజ్జగుంటోళ్ళైనా ఆమె కడుపున పుట్టినోళ్ళే."

నరసక్క నేల మీద కూర్చుండిపోయింది. పుట్టినప్పటినుంచీ ఆ చీరను తానూ చూసింది, గంగమ్మదనే మొక్కింది. ముసలామె చేతిలోని బట్ట పట్టుకొని అడిగింది. "ఆమె పేరేంది?"

"తెల్దు తల్లీ. మా అత్తకూ తెల్దు. ఆడబిడ్డ చీర అనే అంటాం."

మా ఊరికి వచ్చాక నరసక్క కాళ్ళు కూడా కడుక్కోలేదు. అరుగు మీద తమ్ముడి ఎదురుగా కూర్చుంది. నేను వాకిట్లో నిలబడ్డాను. పక్కకు తప్పుకోలేదు.

"తమ్ముడా, పెద్దల పండగలో మొదట పరిచే చీర ఎవరిది?"

"గంగమ్మది. ఎందుకు?"

"గంగమ్మకు జాతరలో చీర పెడతాం కదా. సచ్చిపోయినోళ్ళ వరసలో ఆమెకేం పని?"

నరసక్క నాగరగెరెలో చూసిందీ విన్నదీ అంతా చెప్పింది. మొదట అబద్ధం అన్నాడు. "బండి కట్టు, పోదాం" అన్నది ఆమె. ఆయన కట్టలేదు. ఏటేటా తన చేతులతో మొక్కిన చీర ఆయన కళ్ళముందు ఉంది, కాదనడానికి లేదు. గడ్డం గోక్కుంటూ అడిగాడు.

"మరి ఆ అల్లుడి ఇంటిపేరు ఏందంట?"

"అది కూడా ఎవరికీ తెల్దు."

"పాపం" అన్నాడు మామ, మనసారా.

"చూడమ్మా, చూడు!" నరసక్క నా వైపు తిరిగి చేతులు చాచింది. "ఒక్క మగోని ఇంటిపేరు పోయిందని ఈయప్పకు పాపమంట! పెండ్లయిన ప్రతి ఆడదానికీ పోతాంటే ఒక్కనాడన్నా అన్నాడా?"

మామ వాకిట్లో ఆడుకుంటున్న నా పెద్దకూతుర్ని పిలిచి తొడ మీద కూర్చోబెట్టుకున్నాడు. "దీనికి ఇల్లరికం అల్లుణ్ణి తెద్దాం" అని మా ఆయనతో అన్నాడు. "చింతామణోళ్ళకు వద్దని చెప్పిరా." మా ఆయన అంత తొందరగా చెప్పులు వేసుకోవడం నేను ముందెన్నడూ చూడలేదు. అరుగు దిగుతుంటే ఆయన్ను ఆపి, అందరి ముందర అడిగాను. "నువ్వేం అనుకుంటివి? నీకు కావాల్నా ఇంకో పెండ్లాం?" అంతవరకూ మామ ముందర నా గొంతు లేచింది లేదు. ఆయన వద్దన్నాడు. గట్టిగా చెప్పమన్నాను. గట్టిగా చెప్పాడు. నరసక్క ముక్కుపొడుం డబ్బీ తీసి, నా కొంగు కోసం చెయ్యి చాచింది.

ఇప్పుడు నాగరగెరె పిల్లలు బెంగుళూరులో ఉన్నారు. చింతామణి పిల్లవాడి మనవళ్ళకు ఆ 'సి' మాత్రమే మిగిలింది. మా పెద్దమ్మాయి కొడుకులకు సజ్జగుంట వచ్చింది గాని, వాళ్ళు ఒక్క అక్షరం పెట్టుకొని తక్కినది వదిలేశారు. మామలాగా నాకు దానికి బెంగ లేదు. ఎవరింట్లోనైనా మగపిల్లలు లేరని గొణుగుడు వినిపిస్తే మాత్రం, ఆ ఇంటి పేరు ఎవరి కడుపు దాటి ఇక్కడికి వచ్చిందో చెప్పమంటాను. చాలామందికి కోపం వస్తుంది. రానీ.

నరసక్క పోయాక ఆమెకు బట్ట ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. మెట్టినింటివాళ్ళు ఆమెను ఎప్పుడో మరిచిపోయారు. మా మామ తానే బాగేపల్లికి పోయి, బేరం కూడా ఆడకుండా, చీర తెచ్చాడు. మొదటి చీర పక్కనే, తన తండ్రి పంచెకంటే ముందర, పరిచాడు. ఆ వరస నేను మార్చలేదు. ఏటా మొదటి చీర పరుస్తాను. పిలవడానికి పేరు లేదు కాబట్టి, ఒక పేరు పలికేంత సేపు ఊరకే నిలబడతాను. తర్వాత రెండోది పరిచి, గోడ అవతలికి వినబడేటట్టు, నరసక్కా అని పిలుస్తాను.